‘ఉన్న!’ అన్నవాడు ఎగరాలి

పోయిన నెల ఇక్కడ గల్ఫ్‌లో, రూవి పట్టణంలో ఒక కొత్త బిల్డింగ్ దగ్గర లెవెల్స్ తీసుకోవడానికి వెళ్లాను. మొదటి అంతస్తు సెంట్రింగ్ జరుగుతోంది. కిందనున్న మనిషి పలకలు బిగించే ఇనప క్లాంపు చేతిలో పట్టుకుని, పైకి చూసి, “ఉన్నవా?” అని అరిచాడు. పైవాడు పరంజా మీద కాళ్లు కుదురుగా పెట్టుకుని, రెండు చేతులూ చాచి, “ఉన్న!” అన్నాడు. అప్పుడుగాని క్లాంపు నేల విడవలేదు.

కింది మనిషిది ముల్తాన్. పై మనిషిది బిహారు. ఇద్దరికీ తెలుగు ముక్క రాదు. ‘ఉన్న’ అంటే ఏమిటని హిందీలో అడిగితే కింది మనిషి నన్ను జాలిగా చూశాడు. “కామ్ కా లఫ్జ్ హై సాబ్. సెంట్రింగ్‌వాలే సబ్ బోల్తే హైఁ,” అన్నాడు, ఇది పని మాట, సెంట్రింగ్‌వాళ్లంతా అంటారని. అది అరబ్బీ మాట అయ్యుంటుందని కూడా చెప్పాడు.

అది ఎవరి మాటో నాకు తెలుసు. సువైక్ క్యాంపులో మా సెంట్రింగ్ మేస్త్రి నోటి నుంచి రోజుకు వంద సార్లు విన్నాను. ఇంటికొచ్చాక కూడా ఆయన కళ్లముందు నుంచి కదలలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన ఏ సంవత్సరంలో పుట్టారో, గల్ఫ్‌కు ఎప్పుడు వచ్చారో, పిల్లలెంతమందో నాకు తెలియదు. జగిత్యాల పక్క పల్లె అని మాత్రం తెలుసు. నాకు బాగా తెలిసినవి వేరే ఉన్నాయి. చెవి వెనక చదునైన వడ్రంగి పెన్సిల్ ఉండేది. స్నానానికి వెళ్లినా తీయరని రూమ్‌వాళ్లు అనేవారు. టీ ఫ్లాస్కు మూతలోనే తాగేవారు. ఎవరైనా మర్యాదగా కప్పులో ఇస్తే దాన్ని మూతలోకి ఒంపుకుని, కప్పు తిరిగి ఇచ్చేసేవారు. వాలీబాల్ కోర్టు గీత దాటేముందు చెప్పులు విడిచేవారు. జన్మలో ఒక్కసారి కూడా వాలీబాల్ ఆడలేదు. మా వాలీబాల్ టీమును తయారుచేసింది ఆయనే.

క్యాంపంతా ఆయన్ని ‘కాక’ అనేది. నేనూ అలాగే పిలిచాను.

తొంభైల మొదట్లో మా కంపెనీ సువైక్‌లో ఒక బడి కడుతోంది. ఖర్జూర తోటలు దాటాక, రోడ్డుకు సముద్రం వైపు మా క్యాంపు. నూట నలభై మందిలో ఎక్కువమంది కరీంనగర్, నిజామాబాద్ జిల్లాలవాళ్లు. నేను తెనాలివాణ్ని. పాలిటెక్నిక్ డిప్లొమాతో సర్వేయరుగా చేరాను, అప్పుడు ఇరవై నాలుగేళ్లు. అందరూ ‘సర్వే సారు’ అనేవారు. కాక ఒక్కరే ‘తమ్మీ’ అనేవారు. వాలీబాల్ టీముకు స్కోరు పుస్తకం రాసే పని నాది. ఎవరూ అప్పగించలేదు. పుస్తకం నా దగ్గర ఉంది కాబట్టి రాశాను.

మల్లేశ్ ఉన్నంతకాలం మా ఆట చాలా తేలిక. మల్లేశ్ ఆరడుగుల రెండంగుళాల మనిషి. రాజేశం అనే స్టీల్ ఫిట్టర్ బంతిని ఆకాశానికి మెత్తగా లేపేవాడు. దాన్నే మావాళ్లు లిఫ్ట్ అంటారు. బంతి కిందికి దిగే దారిలో మల్లేశ్ ఎగిరి కొట్టేవాడు. మిగతా నలుగురి పని ఏదోవిధంగా బంతిని రాజేశం దగ్గరికి చేర్చడమే. ఆ నలుగురికీ పేర్లుండేవి కాని, చూసేవాళ్లకు వాటి అవసరం పడేది కాదు.

ఒక ఏడాది రంజాన్ అయిపోయాక మల్లేశ్ వెళ్లిపోయాడు. రూవిలో పనులు చేసే ఒక పెద్ద కంపెనీ వాళ్లు మా కంపెనీ నుంచి వదిలినట్టు రిలీజ్ పేపర్లు ఇప్పించి డ్రైవర్‌గా తీసుకున్నారు. అప్పటికి అతనికి డ్రైవింగ్ లైసెన్సు లేదు. ఎందుకు తీసుకున్నారో అందరికీ అర్థమైంది.

ఆ వారమే క్యాంప్ బాస్ ఒక మాట అన్నాడు. క్యాంపులో గ్రౌండ్ ఒక్కటే. సెలవు రోజైన శుక్రవారం సాయంత్రం ఆఫీసు స్టాఫ్ క్రికెట్ అంటారు, లేబర్ వాలీబాల్ అంటారు. ప్రతి వారం ఆ పంచాయితీ తీర్చలేక ఆయన విసిగిపోయాడు. “ఈ సీజన్‌లో కప్పు ఎవరు తెస్తే గ్రౌండ్ వాళ్లదే,” అని మెస్ హాల్లో అందరి ముందూ హిందీలో చెప్పేశాడు. కంపెనీల మధ్య జరిగే క్రికెట్ టోర్నమెంటులో ఆఫీసువాళ్లు అప్పటికే సెమీఫైనల్లో ఓడిపోయారు. అయితే మేమూ ఓడితే గ్రౌండ్ వాళ్లకే అన్నది కూడా ఆ మాటలోనే ఉంది, ఎందుకంటే స్టాఫ్ స్టాఫే. వాళ్లకు కార్లున్నాయి. గురువారం మధ్యాహ్నం నుంచే ఎక్కడికైనా వెళ్లగలరు. మాకు ఆ గ్రౌండ్ పోతే శుక్రవారం సాయంత్రం నూట నలభై మందికి మంచాలే మిగులుతాయి.

టీమును చూసుకొమ్మని ఆ రాత్రి భోజనాల దగ్గర అందరూ కాకను అడిగారు.

“నాకు ఆట రాదురా,” అన్నారాయన.

“అందుకే నువ్వుండాలె కాకా,” అన్నాడు టైల్స్ వేసే సాయిలు. “ఆట వచ్చినోళ్లు మేం పదిమందిమి ఉన్నం. పదిమందికి ఒకరంటే ఒకరికి పడదు.”

నేను నా వంతు పని చేశాను. సర్వేలో ఎత్తులు కొలిచే గీతల కర్రను, లెవెలింగ్ స్టాఫ్‌ను, గోడకు ఆనించి ఇరవై ఇద్దరిని కొలిచాను. నిలబడి చెయ్యి చాపితే ఎంత ఎత్తు, ఎగిరితే ఎంత, రెంటికీ తేడా ఎంత. మూడు గడులు గీసి, ఎత్తు ప్రకారం వరసలో పేర్లు రాసి, మొదటి ఆరు పేర్ల కింద గీత కొట్టి కాకకు ఇచ్చాను. ఆయన కాగితాన్ని రెండువైపులా చూశారు.

“మంచిగున్నది తమ్మీ. అక్షరాలు ముత్యాల లెక్క ఉన్నయి,” అన్నారు. “మనిషేడి?”

మర్నాటి నుంచి మూడు రోజులు, నాకు తీరిక దొరికినప్పుడల్లా నన్ను వెంటబెట్టుకుని సైటంతా తిప్పారు. ఎవరు ఏ పని చేస్తుంటే అక్కడ నిలబెట్టేవారు. ఏమీ చెప్పేవారు కాదు. సాయిలు టైల్స్ వేస్తున్న గదిలో పావుగంట నిలబడ్డాక విసుగొచ్చి, “ఏం చూడాలి కాకా?” అన్నాను.

“కూసున్నకాడి నుంచి లేస్తున్నడు చూడు. చెయ్యి నేలకు ఆనిస్తున్నడా?”

చూశాను. సాయిలు గొంతుక్కూర్చుని టైలు వేసి, తిన్నగా లేచి, ఇంకో టైలు తెచ్చుకుని, మళ్లీ గొంతుక్కూర్చుంటున్నాడు. ఒక్కసారి కూడా చెయ్యి ఆనించలేదు. నా జాబితాలో సాయిలు ఇరవై ఒకటో పేరు.

“పొద్దుగాల నుంచి మూడు వందలసార్లు లేస్తడు వీడు,” అన్నారు కాక. “నీ పుల్ల మీద ఒక్కపారి ఎగిరి చూపెట్టిండు. గంతే.”

తర్వాత గంగారాం దగ్గరికి తీసుకెళ్లారు. గంగారాం కాక మనిషే. కింద నిలబడి పైకి క్లాంపులు అందించేవాడు. “ఉన్నవా?” అని అడగడం, “ఉన్న!” అని జవాబు వినడం, విసరడం. ఆ జవాబు రానిదే క్లాంపు చేతిలోంచి కదలకూడదన్నది కాక సైటులో మొదటి నియమం. కొత్తగా చేరినవాళ్లు ఏ దేశంవాళ్లైనా ముందు ఆ రెండు మాటలు నేర్చుకునేవారు, తర్వాతే సుత్తి పట్టేవారు.

“ఏం చూస్తున్నవ్?” అన్నారు.

“విసురుతున్నాడు.”

“పైన ఏమైతున్నది?”

అప్పుడు కనిపించింది. క్లాంపు లేచి, లేచి, సరిగ్గా పైవాడి అరచేతి ముందు ఒక్క క్షణం ఆగుతోంది. ఆగిన దాన్ని అతను చెట్టుకున్న కాయను తీసుకున్నట్టు తీసుకుంటున్నాడు. పైకి విసిరిన వస్తువు వేగం శిఖరం దగ్గర సున్నా అవుతుందని నేను పాలిటెక్నిక్ మొదటి సంవత్సరంలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. గంగారాం అది చేత్తో చేస్తున్నాడు.

“ఉరుకుతున్నదాన్ని ఎవడు పట్టుకుంటడు తమ్మీ? ఆగిన దాన్ని పట్టుకుంటడు,” అన్నారు కాక. “మల్లేశ్‌కు బంతి ఆకాశంల ఆగాలె. గీ పొట్టోళ్లకు ఏడ ఆగాలె?” తన చేతి వేళ్లను జానలా చాచి గాలిలో చూపించారు. “నెట్ మీద గింత. జానెడు. ఆగంగనే కొట్టుడే. అవుతలోడు ఎగిరేలోపల అయిపోవాలె.”

అదే మా కొత్త ఆట. ఎత్తుగా ఏదీ లేవదు. సువైక్‌లో మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి వచ్చి ఎత్తు బంతిని పక్కకు నెడుతుందని, జానెడు బంతిని ఏమీ చేయలేదని కూడా నా పుస్తకంలో రాసుకున్నాను. కాకతో అంటే, “గదేందో నువ్వు చూసుకో,” అన్నారు.

కొత్త టీమును కాక కాగితం మీద రాయలేదు. చేతిలో ఉన్న సెంట్రింగ్ పలక మీద ఎర్ర సుద్దతో పెద్దగా రాశారు. మా టోర్నమెంట్లలో చోట్లు మారడం ఉండేది కాదు, సర్వీసు ఒక్కటే వంతులవారీగా. కాబట్టి ఎవరు ఎక్కడ నిలబడితే చివరిదాకా అక్కడే. ముందు ముగ్గురు: సాయిలు, పరంజా కట్టే అన్నదమ్ములిద్దరు. లిఫ్ట్ గంగారాం. వెనక ప్లాస్టర్ మేస్త్రి ఒకతను, రాజేశం. సాయంత్రం ఆ పలకను ఎవరో తీసుకెళ్లి కాలమ్‌కు బిగించేశారు. రెండు రోజుల తర్వాత విప్పితే కాంక్రీటు మీద మా టీమంతా తిరగబడిన అక్షరాల్లో ఎర్రగా అచ్చుపడి ఉంది. కన్సల్టెంట్ ఇంజనీరు వచ్చి ఇదేమిటన్నాడు. “ప్లాస్టర్ మార్కింగ్ సార్,” అన్నారు కాక, పెన్సిల్ సర్దుకుంటూ. ఆ బడి గోడలో మేం ఇంకా ఉన్నాం.

రాజేశం మాత్రం ఒప్పుకోలేదు.

“పన్నెండేండ్ల సంది లిఫ్ట్ నాది కాకా. ఊళ్లె నాది, బొంబాయిల నాది, ఈడ నాది. గిప్పుడు ఎనుకకు పోయి సర్వీసులు లేపుమంటవా?”

“నీ లిఫ్ట్‌కు వంక లేదురా,” అన్నారు కాక. “అందుకునేటోడు పోయిండు. ఎవనికిస్తవ్?”

రాజేశం లుంగీ దులుపుకుని వెళ్లిపోయాడు. రెండు శుక్రవారాలు రాలేదు. గ్రౌండ్ కనిపించేలా రూమ్ మెట్ల మీద కూర్చుని, చూడనట్టు వార్తాపత్రిక పట్టుకునేవాడు. కాక పిలవలేదు. అతని చోటులో వేరెవరినీ పెట్టలేదు కూడా. ఐదుగురితోనే ప్రాక్టీసు చేయించారు. ఆరో చోటు ఖాళీ. బంతి అక్కడ పడ్డప్పుడల్లా అందరూ దాని వంక చూసి ఊరుకునేవారు. మూడో శుక్రవారం ప్లాస్టర్ మేస్త్రి లేపిన ఒక బంతి గంగారాంకు నాలుగు గజాల అవతల పడింది. మెట్ల మీది నుంచి కేక వచ్చింది.

“అది ఫస్ట్ బాలా? అంగట్ల ఉల్లిగడ్డ ఇసిరేసినట్టున్నది! జరుగు, జరుగు!”

పత్రిక మెట్ల మీదే ఉండిపోయింది. రాజేశం లుంగీ ఎగగట్టి ఖాళీ చోటులోకి వచ్చి నిలబడ్డాడు. కాక అటు చూడలేదు. తలకిందుల బకెట్ మీద కూర్చుని ఎప్పటిలాగే ఆటగాళ్ల కాళ్లనే చూస్తున్నారు. బంతిని ఎందుకు చూడరని నేనొకసారి అడిగితే, “దాన్ని అందరు చూస్తున్నరు కదా,” అన్నారు.

నెల తిరిగేసరికి కొత్త ఆట కుదిరిందనుకున్నాం. బర్కా వైపు నుంచి ఒక క్యాంపు టీము ప్రాక్టీసు మ్యాచ్‌కు వచ్చింది. మొదటి ఆరు పాయింట్లు మావి. తర్వాత ఏమైందో తెలియదు, మేం కొట్టిన ప్రతి బంతికీ అవతల నాలుగు చేతులు సిద్ధంగా ఉన్నాయి. రెండు గేములూ పోయాయి. నా పుస్తకంలో ‘బ్లాక్’ అన్న మాట అంత వరసగా అంతకుముందెప్పుడూ రాయలేదు.

కారణం వాళ్ల కెప్టెనే నవ్వుతూ చెప్పి వెళ్లాడు. “భయ్యా, మీవాళ్లు చెప్పి మరీ కొడుతున్నారు. ‘ఉన్న’ అన్నవాడి ముందు నిలబడితే చాలు.”

నిజమే. మా ముందు ముగ్గురిలో ఇద్దరు పరంజా మీద బతికేవాళ్లు. లిఫ్ట్ ఇచ్చేవాడు క్లాంపులు విసిరేవాడు. జవాబు వినకుండా వస్తువు వదలడం గంగారాం చేతికి తెలియదు. కొట్టబోయేవాడు “ఉన్న!” అని అరిచేవాడు, గంగారాం బంతి వదిలేవాడు. మా ఆరుగురికీ అది అరుపుగా వినపడనే లేదు. ఊపిరి పీల్చడం లాంటిది.

ఆ రాత్రంతా కూర్చుని నేనొక పరిష్కారం గీశాను. పొద్దున్నే కాక దగ్గరికి వెళ్లాను. ఫైనల్ దాకా వెళ్తే ఎదురుపడేది మల్లేశ్ టీమే, అతనికి మా పిలుపు మా అందరికంటే బాగా తెలుసు.

“చిన్న మార్పు చాలు కాకా. బంతి సాయిలుకు వెళ్లాలనుకోండి. ‘ఉన్న’ అని అవతలి చివరివాడు అనాలి. బ్లాక్ అటు లేస్తుంది. ఇటు ఖాళీ. ఎవరు అనాలో, ఎవరు కొట్టాలో నేను పట్టిక రాసిచ్చాను.”

ఆయన పట్టికను చాలాసేపు చూశారు. వేలితో బాణం గుర్తుల వెంట వెళ్లారు. అర్థం కాలేదేమో అనుకున్నాను.

“తెలివి. గెలుస్తం దీనితోని,” అన్నారు. కాగితం మడిచి నా చేతిలో పెట్టారు. “వద్దు.”

“ఎందుకు కాకా?”

“ఆట అయినంక మళ్లా శనివారం వస్తది తమ్మీ. వీళ్లే పైకెక్కాలె.”

నాకు కోపం వచ్చింది. ఆట వేరు, పని వేరు అన్నాను. గ్రౌండ్ పోతుందన్నాను. ఆయన ఫ్లాస్కు మూతలో టీ పోసుకున్నారు.

“హైదరాబాద్‌ల ఒక బిల్డింగ్. నాకప్పుడు నీ ఈడు. కింద ఒకడు ‘ఉన్నవా’ అన్నడు. పట్టుకోవాల్సినోడు బీడీ ముట్టించుకుంటున్నడు. పక్కనోడు నవ్వులాటకు ‘ఉన్న’ అన్నడు.” టీ ఊదారు, తాగలేదు. “ఆయన ఇంటికి పోయి చెప్పనీకి నన్ను తోలిన్రు.”

నేను పట్టికను జేబులో పెట్టుకున్నాను.

“గ్రౌండ్ పోతే పోనీ. మన చేతులతోనే ఇంకోటి సాపు చేసుకుంటం. శుక్రవారం నోటికి అబద్ధం నేర్పితే శనివారం పరంజా మీద గదే పలుకుతది. ‘ఉన్న’ అన్నోడు ఎగరాలె. ఎగరనోడు అనొద్దు. గంతే.”

ఇంకోటి సాపు చేసుకునే చోటు క్యాంపులో లేదని ఆయనకూ తెలుసు. ఒక దిక్కు తోటలు, ఒక దిక్కు రోడ్డు. ఆ తర్వాత రెండు రోజులు ఆయన ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఒక పలకను తప్పు కొలతకు కోశారు. అలా జరగడం ఎవరూ చూడలేదట.

మూడో రోజు సాయంత్రం డ్యూటీ దిగి, బట్టలు కూడా మార్చుకోకుండా తిన్నగా గ్రౌండ్‌లోకి వచ్చారు. చెప్పులు విడిచి గీత లోపలికి వచ్చి ముగ్గురినీ నెట్ ముందు నిలబెట్టారు.

“ముగ్గురు అనున్రి. ముగ్గురు ఎగురున్రి. ప్రతిసారి. ఒక్కడు సుత ఊకెనే అనొద్దు. బంతి నాకే వస్తదని లేవాలె.”

“మరి నేనెవరికియ్యాలె కాకా?” అన్నాడు గంగారాం.

“నీ ఇష్టం. నాకు సుత చెప్పకు.”

అందులో అబద్ధం లేదు. ముగ్గురూ నిజంగానే ఉన్నారు. నా పట్టికకంటే ఇది మేలని వెంటనే అర్థమైంది. ఎంత కష్టమో మాత్రం తర్వాత తెలిసింది. ఎగిరిన ముగ్గురిలో ఇద్దరు ఖాళీగా దిగాలి. వారం గడిచేసరికి సాయిలు ఇసుకలో కూలబడ్డాడు.

“బంతి రాకున్నా ఎగురుడేంది కాకా? పగటి కూలి లేని పని లెక్కున్నది.”

“నువ్వు లేస్తేనే కదరా అవుతలోడు నీ దిక్కు చూసిండు. పాయింట్ ఎవనిది?”

“కొట్టినోనిది.”

“తమ్మీ,” అని కాక నన్ను పిలిచారు. “నీ బుక్కుల ఎవని పేరు రాస్తున్నవ్?”

కొట్టినవాడి పేరే రాస్తున్నానని చెప్పాను. ఆయన నా చేతిలోని పుస్తకం వంక చూశారు. ఆ సాయంత్రం పాత గడులు కొట్టేసి కొత్తవి గీశాను. అప్పటి నుంచి ప్రతి పాయింటుకు ఎదురుగా మూడు పేర్లు రాశాను. మర్నాడు సాయిలు చేతులు తుడుచుకుని వచ్చి పుస్తకం అడిగి తీసుకుని, తన పేరు ఎన్నిసార్లుందో వేలు పెట్టి చూసుకున్నాడు. ఆ తర్వాత ఎగరడం గురించి ఫిర్యాదు వినలేదు.

గెలుచుకుంటూ ఫైనల్ దాకా వెళ్లాం. ఆ ఫైనల్ వాడి కబీర్ అనే చోట, మల్లేశ్ టీముతోనే. చుట్టూ నల్లరాతి గుట్టలు, గాలి లేదు. ఎత్తు బంతికి అంతకంటే మంచి చోటు ఉండదు. మల్లేశ్ కొత్త బూట్లతో వచ్చాడు. ముందు కాక దగ్గరికి వచ్చి కాళ్లు మొక్కి, తర్వాత మావాళ్లను చూసి నవ్వాడు.

“ఏం కాకా, గీ పొట్టోళ్లతోని వచ్చినవ్? నెట్ కింద నుంచి కొడ్తరా?”

“నీ లైసెన్స్ వచ్చిందారా?” అన్నారు కాక.

“రాలే.”

“వచ్చినంక మాట్లాడు.”

ఆట చూడటానికి రెండు బస్సుల్లో వచ్చిన మా క్యాంపువాళ్లంతా ఒకేసారి నవ్వారు. వాళ్లవైపు నవ్వు రాలేదు.

మొదటి గేము వాళ్లది. మల్లేశ్ కొట్టిన బంతులు రాజేశం చేతుల మీద ఎర్రగా తేలాయి. రెండో గేములో రాజేశం రెండడుగులు వెనక్కి జరిగాడు, ఎవరూ చెప్పలేదు. పన్నెండేళ్లు షూటర్లకు లిఫ్ట్ ఇచ్చిన మనిషికి ఏ భుజం ఎటు తిరిగితే బంతి ఎటొస్తుందో తెలుసు. మల్లేశ్ కొట్టిన బంతి రాజేశం చేతుల మీది నుంచి లేచింది. మళ్లీ లేచింది. ఆ గేము మాది.

మూడో గేము పన్నెండు పన్నెండు. అప్పటి పద్ధతిలో మన సర్వీసు మీదే మనకు పాయింటు, లేకపోతే సర్వీసు చేయి మారడమే. సర్వీసు అటూ ఇటూ ఏడుసార్లు మారింది. తర్వాత మాకు రెండు వరసగా వచ్చాయి. పద్నాలుగు. ఇంకొక్కటి కావాలి.

ప్లాస్టర్ మేస్త్రి సర్వీసు కొట్టాడు. వాళ్లు లేపి మల్లేశ్‌కు ఇచ్చారు. అతను పూర్తి బలంతో కొట్టాడు. రాజేశం మోకాళ్ల మీద జారుతూ వెళ్లి రెండు ముంజేతులూ కింద పెట్టాడు. బంతి తిన్నగా, మెత్తగా, గంగారాం తల మీదికి వచ్చి నిలిచింది. ఇంతకాలం గంగారాం ఎదురుచూసిన బంతి అది.

“ఉన్న!”

మూడు గొంతులు ఒక్కసారే. ముగ్గురు నేల విడిచారు. మల్లేశ్ సాయిలు వైపు ఒక అడుగు వేసి, ఆపుకుని, మధ్యకు తిరిగి, మళ్లీ సాయిలు వైపు చూశాడు. అతని చేతులు భుజాల దగ్గరే ఉన్నాయి. గంగారాం వేళ్ల నుంచి బంతి జానెడు లేచి, మధ్యలో ఉన్న, పరంజా అన్నదమ్ముల్లో తమ్ముడి అరచేతి ముందు ఆగింది. ఆగినట్టు నేను కళ్లారా చూశాను. ఆ తర్వాత వినపడింది చప్పుడొక్కటే.

రెండు బస్సులవాళ్లూ కోర్టులోకి వచ్చేశారు. ఎవరు ఎవరిని ఎత్తుకున్నారో తెలియదు. నా పుస్తకం ఎవరి కాళ్ల కిందో పడింది. సాయిలు బంతిని ముట్టుకోనేలేదు, అయినా ఫైనల్ గెలిపించింది తానే అన్నట్టు రెండు చేతులూ పైకెత్తి గ్రౌండ్ చుట్టూ పరిగెత్తుతున్నాడు. మేమెవరం అతన్ని తప్పు పట్టలేదు.

కాక బకెట్ మీది నుంచి లేవలేదు. జనం మధ్యలోంచి ఆ ముగ్గురినీ పిలిపించారు.

“ముగ్గురు ఎగిరిన్రా?”

“ఎగిరినం కాకా!”

“ఊకెనే అనలే కదా?”

“లేదు కాకా, బంతి నాకే వస్తదనుకున్న,” అన్నాడు సాయిలు, రొప్పుతూ.

“గట్లయితే గెలిచినట్టే,” అని అప్పుడు లేచారు. లేచి, అంత పెద్దమనిషి, ముగ్గురి తలలనూ దగ్గరికి లాక్కుని తన ఛాతీకి అదుముకున్నారు. పెన్సిల్ కిందపడినా చూసుకోలేదు.

మల్లేశ్ నెట్ కింద నుంచి వంగి వచ్చాడు. “ఎవనికి పోతదో నాకు తెల్వనే లేదు కాకా.”

“మాకు సుత తెల్వదు బిడ్డా,” అన్నారు కాక.

క్యాంప్ బాస్ మాట నిలబెట్టుకున్నాడు. కప్పును మెస్ హాల్లో బియ్యం డబ్బా మీద పెట్టించి, గ్రౌండ్ లేబర్‌దని అందరి ముందూ చెప్పాడు. అప్పటిదాకా మా నెట్ స్తంభాలు పరంజా పైపులు. శుక్రవారం పాతుకుని, ఆట కాగానే పీకి కంటెయినర్ వెనక దాచుకునేవాళ్లం. ఆ మర్నాడు సాయంత్రం కాక గడ్డపార తీసుకుని గ్రౌండ్‌లోకి వెళ్లారు. వెనకాల ఎంతమంది వెళ్లారో లెక్కపెట్టలేదు. రెండు గుంతలు, నడుము లోతు. రాజేశం ఊచలు వంచి బుట్ట అల్లాడు. నేను సర్వేకు వాడే థియోడొలైట్ తెచ్చి రెండు స్తంభాలనూ నిటారుగా నిలబెట్టించాను, మిల్లీమీటరు తేడా లేకుండా. కాంక్రీటు పోసేటప్పుడు ఏ మిక్స్ అని అడిగాను.

“బడి కాలమ్‌కు ఏసిన దానికంటే బస్తా ఎక్కువ,” అన్నారు.

“అంత ఎందుకు కాకా? బడి మూడంతస్తులు. ఇది నెట్.”

“బడి కంపెనీది తమ్మీ.”

ఏడు రోజులు క్యూరింగ్, కాంక్రీటు ఎండకుండా తడపడం. డ్యూటీ నుంచి వచ్చినవాళ్లు వచ్చినట్టే, చేతిలోని నీళ్ల సీసాలో మిగిలింది ఆ రెండు గుంతల మీద పోసి రూముకు వెళ్లేవారు. ఐదో రోజు క్రికెట్ టీము కెప్టెన్, మా అకౌంటెంట్, కారు ఆపి దిగాడు. అందరూ ఆగి చూశారు. అతను కాసేపు నిలబడి, బూటుతో స్తంభాన్ని మెల్లగా తన్ని చూశాడు. అది కదల్లేదు.

“పక్కా హై,” అన్నాడు.

కాక తన చేతిలోని నీళ్ల బకెట్ అతనికి ఇచ్చారు. అతను చొక్కా చేతులు మడిచి, కింద ఒలకకుండా, స్తంభం చుట్టూ తిరుగుతూ పోశాడు.